పూర్వదేవతలు: రాక్షసాసురుల పుట్టుక, స్వభావము

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున నౌపడా ఉప్పుమళ్లకు చేరువగా బంగాళాఖాతపు టొడ్డున భావనపాడు అను పల్లె కలదు. మూలపేటలో 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగిన రేవునకు మొదట ఈ యూరి పేరే ఉండుటచేత, దూరమువారు సైతము ఈ పేరు వినియున్నారు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చిన వైనము ఆ ప్రాంతమువారు మఱువలేరు. తుపాను పట్టిన ప్రతిసారియు తెలుగు పత్రికలు ఒడ్డుపై విఱుచుకొనిపడు కెరటములను 'రాకాసి అలలు' అని వ్రాయుచుండును. ఆ అలలపైననే పడవ నడపి బ్రతుకు జాలరులు మాత్రము ఆ నీటినే 'గంగమ్మ' అందురు. పసుపు కుంకుమ లిచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఆమె యనుమతితో వేటకు పోవుదురు. ఒకే నీటికి ఒకరినోట రాకాసి యనియు, మఱియొకరినోట తల్లి యనియు రెండు పేర్లు.

ఇది పత్రికలవారి అతిశయోక్తికిని, పల్లెవారి భక్తికిని నడుమనున్న భేదము మాత్రమే యని తోచవచ్చును. కాని రాక్షసుల పుట్టుకను గూర్చి ప్రాచీనులు చెప్పిన కథ నీటితోనే మొదలగుచున్నది. ఆ కథను మూలములోనికి పోయి చూచినచో రాక్షసులు, అసురులు, దైత్యులు, యాతుధానులు అని మనము ఒకే గంపలో వేయుచున్న పేర్ల వెనుక ఎంత భేదమున్నదో, ఎంత బంధుత్వమున్నదో కూడ తెలియగలదు.

శ్రీమద్రామాయణ ఉత్తరకాండమున రావణవధానంతరము అయోధ్యకు వచ్చిన అగస్త్యుడు శ్రీరామునకు రాక్షసవంశమును మొదటినుండి వినిపించినాడు. నీటినుండి పుట్టిన ప్రజాపతి మొదట నీటిని సృజించి, దానిని కాపాడుటకు కొన్ని ప్రాణులను పుట్టించెను. పుట్టినతోడనే వారు ఆకలిదప్పులతో, భయముతో తండ్రిని సమీపించి, మేమేమి చేయవలెనని యడిగిరి. ఆయన చిఱునవ్వుతో, ఈ నీటిని జాగ్రత్తగా కాపాడుడని చెప్పెను. కొందఱు 'రక్షామః', అనగా కాపాడుదుము, అనిరి. కొందఱు 'యక్షామః' అనిరి. మొదటి మాట పలికినవారు రాక్షసులైరి, రెండవ మాట పలికినవారు యక్షులైరి. ఈ రెండవ మాటకు పూజింతుమని చెప్పినను చెప్పవచ్చును, జక్షధాతువుతో కలిపి భక్షింతుమని చెప్పినను చెప్పవచ్చును. మొదటి మాటలో మాత్రము సందేహమునకు చోటు లేదు. ఆదికావ్యమునకు చేరిన ఈ కాండము ప్రకారము రాక్షసుడనగా నీటికావలివాడు.

విష్ణుపురాణమున ఇదే కథ రంగు మారినది. బ్రహ్మ రజోగుణప్రధానమైన శరీరమును ధరించినప్పుడు ఆకలి పుట్టినది, ఆకలినుండి కోపము పుట్టినది. ఆ చీకటిలో ఆయన సృజించిన వికృతరూపులు, గడ్డములవారు, ఆకలిగొని ఆయనమీదికే పరుగెత్తిరి. వారిలో, అట్లు చేయవలదు, ఇతనిని రక్షింపవలెను అన్నవారు రాక్షసులు; తిందము అన్నవారు యక్షులు. విష్ణుపురాణమునందు సైతము రాక్షసుడు పలికినది రక్షణవాక్యమే యని గమనింపదగును. భాగవత తృతీయస్కంధమునకు వచ్చుసరికి కథ తలక్రిందులైనది. అచట వారందఱును, ఇతనిని రక్షింపకుడు, భక్షింపుడు అని యఱచుచు వచ్చిరి. బ్రహ్మ భయపడి, నన్ను తినకుడు, కాపాడుడు, మీరు నా బిడ్డలు అని బ్రతిమాలుకొనెను. మూడు గ్రంథములలో ఒకే ధాతువు మూడు తీరుల నడచినది. కావలివాడు క్రమముగా కబళించువా డగుట ఇందు స్పష్టము. అయినను మూడింటను మాఱనిది ఒకటి కలదు: వారిని కన్నవాడు బ్రహ్మయే.

యాస్కాచార్యుడు నిరుక్తమున రక్షశ్శబ్దమునకు మూడు నిర్వచనములు చెప్పినాడు. దేనినుండి తన్ను తాను కాపాడుకొనవలెనో అది రక్షస్సు. రహస్యమున హింసించునది రక్షస్సు. రాత్రి సంచరించునది రక్షస్సు. ఉత్తరకాండములోని కావలివాడు ఈ మూడింటిలో ఎచటను లేడు. ధాతువు ఒకటే; కారకము మాఱినది. కాపాడువాడా, ఎవనినుండి కాపాడుకొనవలెనో వాడా? కొందఱు ఆధునికులు ఉత్తరకాండములోని వ్యుత్పత్తిని పిల్లలకు చెప్పు కథగా త్రోసివేయుదురు. అది తొందరపాటు. కావలియున్నవాడు భయంకరుడు కాకున్నచో కావలి యెట్లు సాగును? తోటకు కట్టిన కుక్క దొంగకు రాక్షసి, యజమానునకు రక్షకము. ఊరి పొలిమేరలో నిలిపిన దేవతకు కోఱలుండుట ఉత్తరాంధ్రమున ఎవరికిని వింత కాదు.

రక్షశ్శబ్దముమీద స్వార్థమున అణ్ప్రత్యయము చేరి రాక్షసశబ్ద మేర్పడినది. అర్థమున భేదము లేదు. తెలుగున అది రక్కసుడు, రక్కసి, రాకాసి యైనది. తెలుగువాడు ఈ పదమును చెడుగునకు మాత్రమే వాడలేదు. భూమిలోనుండి తీసిన నల్లని బొగ్గు రాక్షసిబొగ్గు. పెద్దపెద్ద బండలు నిలిపి కట్టిన ప్రాచీనుల సమాధులు పల్లెలలో రాకాసిగుళ్లు. కోట్ల యేండ్లనాటి మహాసరీసృపము రాక్షసిబల్లి. మనుష్యుని కొలతకు మించిన దెల్ల రాకాసి. రాకాసి అల యన్నమాటయు ఈ వరుసలోనిదే. అందు నిందకంటె పరిమాణమే ఎక్కువగా వినబడును.

అగస్త్యుడు చెప్పిన వంశక్రమము ఇంకను విచిత్రముగా నున్నది. మొదటి రాక్షసులు హేతి, ప్రహేతి అను నిద్దఱు. వారిలో ప్రహేతి ధార్మికుడై తపమునకు పోయెను. హేతి పెండ్లి చేసికొనెను. అతని భార్య కాలుని చెల్లెలు, ఆమె పేరు భయ. వారి కొడుకు విద్యుత్కేశుడు. అతడు సంధ్య కూతురైన సాలకటంకటను పెండ్లాడెను. ఆమె మందరపర్వతమున బిడ్డను కని, భర్తతోడి విహారమునం దాసక్తయై, ఆ బిడ్డను కొండమీదనే విడిచి పోయెను. పసివాడు పిడికిలి నోట పెట్టుకొని యేడ్చుచుండగా వృషభవాహనముపై పోవుచున్న పార్వతీపరమేశ్వరులు వినిరి. పార్వతికి జాలి కలిగినది. శివుడు ఆ బిడ్డను తత్క్షణమే తల్లి వయస్సువానిగా చేసి, ఆకాశమున తిరుగు పురము నిచ్చెను. నాటినుండి రాక్షసస్త్రీలకు గర్భము ధరించినతోడనే ప్రసవమును, పుట్టిన బిడ్డకు తల్లియంత వయస్సును కలుగునని పార్వతి వరమిచ్చెను. ఈ బిడ్డయే సుకేశుడు. మాల్యవంతుడు, సుమాలి, మాలి ఇతని కొడుకులు. సుమాలి కూతురు కైకసి. కైకసి కొడుకు రావణుడు.

లంకను, దశకంఠుని, సీతాపహరణమును మాత్రమే యెఱిగినవాడు ఈ ఘట్టమును చదివినచో ఆశ్చర్యపడక మానడు. లోకకంటకుడైన రావణుని వంశమూలమున ఉన్నది తల్లి విడిచిన పసివాడు. వానికి బాల్యమే లేదు. తెలుగున తిక్కన నిర్వచనోత్తరరామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును రచించి యుండియు, ఈ సుకేశుని కథ పండితలోకము దాటి అంతగా వ్యాపింపలేదు. హరికథకులు సైతము దీనిని దాటవేసి రావణుని కైలాసోత్పాటనమునకు పోవుదురు. అది లోపమే.

రావణుని పుట్టుకయందు కాలము కూడ కారణముగా చెప్పబడినది. విశ్రవసుడు అగ్నిహోత్రము చేయుచున్న సంధ్యాసమయమున కైకసి పుత్రార్థినియై వచ్చినది. దారుణమైన వేళ వచ్చితివి గావున నీ బిడ్డలు దారుణులగుదురని ముని పలికెను. ఆమె వేడుకొనగా, కడపటివాడు నా వంశమునకు తగినట్లు ధర్మాత్ముడగునని చెప్పెను. భాగవతమున దితి కశ్యపుని చేరినదియు ఇట్టి వేళయే. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు అందువలననే కలిగిరి. తండ్రి యొకడే, తల్లి యొకతె, వేళ యొకటే; అయినను విభీషణుడు వేఱైనాడు. హిరణ్యకశిపుని యింట ప్రహ్లాదుడు వేఱైనాడు. ఇక రావణుడు పులస్త్యబ్రహ్మకు మనుమడు, వేదాధ్యయనము చేసినవాడు. అతనిని చంపిన దోషము పోవుటకు రాముడు లింగప్రతిష్ఠ చేసెనని రామేశ్వరము వైపు చెప్పుకొందురు.

అసురశబ్దము చరిత్ర రక్షశ్శబ్దముకంటెను గడుసైనది. ఋగ్వేదమున ప్రాచీనభాగములందు అసురుడనగా దుష్టుడు కాడు. వరుణుడు అసురుడు, అగ్ని అసురుడు, సవిత అసురుడు, రుద్రుడు, ఇంద్రుడు సైతము ఆ బిరుదు మోసినవారే. అసువు అనగా ప్రాణము. ప్రాణబలము గలవాడు అసురుడని యాస్కుడు చెప్పిన నిర్వచనములలో ఒకటి. స్థానములనుండి త్రోయబడినవారు అసురులని మఱియొకటి. మొదటిది గౌరవము, రెండవది పరాజయము. ఒక శబ్దపు జీవితమంతయు ఈ రెండు నిర్వచనములనడుమ ఇమిడియున్నది.

పారశీకమున ఇదే శబ్దము 'అహుర' యై పరమేశ్వరుని పేరైనది. అహుర మజ్దా యనగా సర్వజ్ఞుడైన ప్రభువు. అచట దేవశబ్దము 'దఏవ' యై దుష్టసత్త్వములకు పేరైనది. ఒకే యింటి యన్నదమ్ములు రెండు దేశములలో ఒకరి దేవుని మఱియొకరు దయ్యముగా చేసికొన్నట్లున్నది. దీనికి కారణము మతవైరమని కొందఱు పండితులు, స్వతంత్రముగా జరిగిన అర్థవిపరిణామమని కొందఱు పండితులు వాదించిరి. రెండవ పక్షమే యుక్తముగా తోచును. ఏలయనగా ఋగ్వేదములోననే పదవ మండలమునకు వచ్చుసరికి అసురశబ్దమున క్రూరార్థము తల యెత్తుచున్నది. దానికి ఇరానువారి సహాయ మక్కఱలేదు.

అర్థము మాఱిన పిమ్మట లోకము అసురశబ్దములోని మొదటి అకారమును నఞర్థకముగా భావించి, అది తీసివేసి 'సుర' యను క్రొత్తమాటను పుట్టించినది. వేదమున దేవతలకు సురులని పేరు లేదు. బాలకాండమున క్షీరసాగరమథనమప్పుడు పుట్టిన వారుణిని, అనగా సురను, స్వీకరింపని దితిపుత్రులు అసురులనియు, స్వీకరించిన అదితిపుత్రులు సురులనియు చెప్పిన కథ ఈ క్రొత్తమాటకు కల్పించిన సమర్థనము. దీని ప్రకారము మద్యము ముట్టనివారు అసురులు! సదాచారపరులైన వ్యాఖ్యాతలు ఇచట కొంత యిబ్బందిపడుట సహజము. ఆ మథనమునకు ఆధారమైన కూర్మమూర్తికి ఆలయము ఈ జిల్లాలోనే శ్రీకూర్మమున నున్నది. కూర్మము వీపుమీద మంథరము తిరిగినప్పుడు వాసుకి తలవైపు అసురులు, తోకవైపు దేవతలు పట్టి లాగిరి. ఒకవైపువారు లేకున్నచో అమృతము పుట్టియుండదు. పంచుకొనుటకు వచ్చినప్పుడే తగవు.

పాఠశాలలో విద్యార్థి కంఠస్థము చేయు అమరకోశమున ఈ విషయములన్నియు సూత్రప్రాయముగా దాగియున్నవి. అమరసింహుడు స్వర్గవర్గమున విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, గంధర్వులు, కిన్నరులు, సిద్ధులతోపాటు రక్షస్సులను, పిశాచములను, భూతములను కూడ దేవయోనులలో లెక్కించినాడు. అసురులకు పర్యాయపదములు చెప్పుచు, దైత్యులు, దనుజులు, ఇంద్రారులు, శుక్రశిష్యులు అను వానినడుమ 'పూర్వదేవులు' అను మాట నొకదానిని ఉంచినాడు. అనగా, వారు మునుపు దేవతలు. రాక్షసపర్యాయములలో క్రవ్యాదుడు, రాత్రిచరుడు, యాతుధానుడు, నికషాత్మజుడు అని చెప్పుచునే 'పుణ్యజనుడు' అనియు చెప్పినాడు. పచ్చిమాంసము తినువాడును పుణ్యజనుడును ఒకడే యెట్లగును? భయంకరమైనదానిని మంచి పేరుతో పిలుచుట లోకమున కలదు, మశూచికమును అమ్మవారనలేదా? అయినను పుణ్యజనశబ్దము యక్షులకు కూడ చెల్లుటచేత, పూర్వకథలోని ఆ కవలల సంబంధము ఇచట మిగిలియున్నదని యూహించుట యసంగతము కాదు.

పూర్వదేవశబ్దమునకు మూలము బృహదారణ్యకమున దొరకును. ప్రజాపతి సంతానము రెండు తెగలు, దేవతలును అసురులును. వారిలో దేవతలు చిన్నవారు, అసురులు పెద్దవారు. గ్రీకులలో సైతము తితానులు ముందుతరమువారు, జ్యూస్ మొదలగువారు పిమ్మటివారు. పెద్దలను పాతాళమునకు త్రోసి పిన్నలు రాజ్యమేలిరి. సెమెటిక మతములలోని సైతాను ఈ తీరువాడు కాడు. అచట దుష్టత్వమునకు నాయకు డొకడు కలడు. వాడు ఈశ్వరాజ్ఞను ధిక్కరించి చెడినవాడు. మన గ్రంథములలో అట్టి యేకనాయకుడు లేడు. వృత్రుడు, బలి, రావణుడు, మహిషుడు ఎవరికి వారే. చెడుగు ఒక రాజ్యము కాదు. ఒక కుటుంబములోని పెద్దకొడుకుల తగవు.

శతపథబ్రాహ్మణమున ప్రజాపతి ముఖప్రాణముచేత దేవతలను, అవాక్ప్రాణముచేత అసురులను సృజించెననియు, అసురులను సృజింపగనే చీకటి క్రమ్మినదనియు, తాను పాపమును సృజించితినని యాయన గ్రహించి వారిని పాపముతోనే కొట్టగా వారు అప్పుడే పరాభూతులైరనియు చెప్పి, వెంటనే ఆ బ్రాహ్మణము ఒక విశేషమైన మాట యనుచున్నది: కావున ఆఖ్యానములలో, ఇతిహాసములలో చెప్పు దేవాసురయుద్ధము జరిగినది కాదని పెద్దలు చెప్పుదురు, అని. వేదభాగమే యుద్ధకథలను అక్షరశః గ్రహింపవలదని చెప్పిన దన్నమాట.

ఇక సముద్రము. అసురులకును సముద్రమునకును గల పొత్తు పురాణములలో ఎడతెగనిది. ఒకప్పుడు అసురబిరుదము మోసిన వరుణుడే పిమ్మట జలాధిపతి. వృత్రవధానంతరము కాలకేయులు సముద్రమున దాగి, పగలు నీటిలోను, రాత్రి ఒడ్డుననున్న ఆశ్రమములలోను మెలగి మునులను చంపిరని భారతారణ్యపర్వము చెప్పుచున్నది. తెలుగున ఇది నన్నయ రచించిన భాగములోనిదే. అగస్త్యుడు సముద్రమును త్రాగివేయగా దేవతలు వారిని వధించిరి. మిగిలినవారు నేల పగులదీసికొని పాతాళమునకు పోయిరి. నీటిని మఱల విడువుమని దేవతలు కోరగా, అది జీర్ణమైనదని ముని చెప్పెను. ఎండిన ఆ సముద్రమును నింపినది భగీరథుడు తెచ్చిన గంగ. భావనపాటి జాలరి సముద్రమును గంగమ్మ యనుట అజ్ఞానమని నవ్వువారు, గంగ నది గదా, సముద్ర మెట్లగునని యడుగువారు, ఈ కథను చదువవలెను.

సాందీపని కొడుకును తెచ్చుటకు కృష్ణుడు సముద్రమున దూకి చంపిన పంచజనుడు శంఖరూపుడైన అసురుడు. వాని శరీరమే పాంచజన్యము. సుందరకాండమున హనుమంతుడు సముద్రము దాటుచుండగా ఇద్దఱు స్త్రీలు దారి కడ్డువచ్చిరి. నాగమాత సురస దేవతల కోరికపై రాక్షసరూపము దాల్చి నోరు తెఱచి నిలిచినది. పరీక్ష ముగియగనే స్వరూపమున నిలిచి దీవించి పంపినది. సింహిక ఆకాశమున పోవువాని నీడను నీటిలో పట్టి లాగి మ్రింగునది. దానిని ఆయన చీల్చి చంపెను. ఇద్దఱి నోళ్లును ఒకే విధముగా తెఱచుకొన్నవే. కోఱలను చూచి కాక, కార్యమును చూచి ఎవరేమో నిర్ణయింపవలసి వచ్చినది. కడలి తీరమువానికి ఈ వివేచనము నిత్యము అవసరమే గదా. ఒడ్డున నిలిచి చూచినప్పుడు, దాటనిచ్చు అలయు ముంచు అలయు ఒకే యెత్తున లేచును.

స్వభావవిషయమున పురాణములు చెప్పు లక్షణములు ప్రసిద్ధములే: కామరూపము, మాయ, రాత్రిబలము, నరమాంసభక్షణము, యజ్ఞద్వేషము. వీనిని విస్తరించి చెప్ప నక్కఱలేదు. గీత పదునాఱవ అధ్యాయము ఈ బాహ్యలక్షణములన్నిటిని విడిచి దంభము, దర్పము, క్రోధము, పారుష్యము మొదలగువానిని అసురసంపదగా చెప్పినది. ఘటోత్కచుని విషయము మాత్రము ఒకింత ఆలోచింపదగినది. హిడింబకును భీమునకును పుట్టిన యతడు పాండవులకొఱకే ప్రాణము విడిచినాడు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమున ఎస్.వి. రంగారావు నటనచేత తెలుగువారికి అతనికంటె ప్రియమైన రాక్షసుడు లేడు. ద్రోణపర్వమున మాత్రము, అతడు కూలినప్పుడు పాండవులు దుఃఖించుచుండ కృష్ణుడు సంతోషించినాడు. ఇతడు యజ్ఞద్వేషి, కర్ణుడు చంపకున్నచో నేనే చంపవలసి వచ్చెడిదని యన్నాడు. కర్ణుని శక్తి వ్యయమైనదను రాజనీతి దానిలో ఉన్నమాట నిజమే. అయినను తమవాడై, తమకై చచ్చినవానిని జాతి పేరుతో అనుమానించిన ఆ మాట చదువరికి నొప్పి కలిగింపక మానదు. వ్యాసుడు దానిని దాచలేదు. తిక్కనకు దానిని తెనిగించు పని తప్పలేదు.

ఇచటనే ఆధునికుల వాదమును చూడవలెను. రాక్షసులనగా ఆర్యులు జయించిన దేశీయజనులే, అడవులలో కొండలలో నివసించినవారే యని గత శతాబ్దమున పెక్కుమంది వ్రాసిరి. తెలుగున త్రిపురనేని రామస్వామిచౌదరి సూతపురాణమున పురాణగాథలను ఎదురునుండి చదివినాడు. అతని ఆవేదనకు కారణములు లేవనలేము. జయించినవాడు వ్రాసిన కథలో ఓడినవానికి కోఱలు మొలచుట లోకమున కలదు. కాని గ్రంథములసాక్ష్యము ఆ సమీకరణమునకు అనుకూలముగా లేదు. కొండజనులు రామాయణమున వేఱుగా కలరు: గుహుడు నిషాదుడు, శబరి తాపసి. వారి నెవరును రాక్షసులనలేదు. రాక్షసులకు చెప్పిన వంశము బ్రహ్మర్షివంశము. దైత్యదానవులు కశ్యపుని బిడ్డలు, దేవతలకు సవతితల్లి కొడుకులు. మహేంద్రగిరి చుట్టునున్న సవరలనో, ఈ తీరమందలి మఱియే జాతినో చూచి రాక్షససంతతి యనువాడు చరిత్రను చెప్పుటలేదు, పురాణమును చదువుటయు లేదు. ఈ మాట ఆ జనులను నిందించువానికెంత వర్తించునో, పొగడుటకై వారిని రావణుని వారసులని వ్రాయువానికి నంతయే వర్తించును.

యాతుధానశబ్దము మిగిలినది. యాతువనగా అభిచారము, చేతబడి. దానిని ప్రయోగించువాడు యాతుధానుడు. ఋగ్వేద సప్తమమండలమున కడపటిదగు నూటనాలుగవ సూక్తము రక్షోఘ్నసూక్తము. దానిలో ఇంద్రాసోములను రక్షస్సులను కాల్చివేయుడని ప్రార్థించుచున్న ఋషి ఉన్నట్టుండి తనను గూర్చి ఒట్టు పెట్టుకొనుచున్నాడు. తాను యాతుధాను డైనచో, ఎవని ప్రాణమునైన తపింపజేసియున్నచో, నేడే చత్తునుగాక యనియు, తన్ను వృథాగా యాతుధానుడని పిలిచినవాడు పదిమంది వీరులను పోగొట్టుకొనుగాక యనియు పలుకుచున్నాడు. పరిశుద్ధుడైన తన్ను యాతుధానుడనుచు, తాను రక్షస్సై యుండియు శుచినని చెప్పుకొనువానిని ఇంద్రుడు కొట్టవలెనని తరువాతి మంత్రము. సాయణుడు ఇచట నొక కథ నుదాహరించినాడు: వసిష్ఠుని నూర్గురు కొడుకులను చంపిన రాక్షసుడొకడు ఆ ఋషి రూపమునే దాల్చి, నేను వసిష్ఠుడను, నీవే రాక్షసుడవు అని వానిని నిందించెను. ఆ సమయమున వసిష్ఠుడు చూచిన మంత్రములివి.

ఈ మంత్రములు కేవలము ప్రాచీనవిషయములు కావు. ఉత్తరాంధ్రపు మన్యములలోను, మైదానపు పల్లెలలోను చిల్లంగి పెట్టినారను అనుమానముతో మనుష్యులను వెలివేయుట, పండ్లు ఊడగొట్టుట, చంపుట నేటికిని పత్రికలలో కన్పట్టుచున్నది. అట్లు నిందింపబడువారు తఱచుగా ముసలివారు, దిక్కులేనివారు, ఒంటరి స్త్రీలు. బిడ్డకు జ్వరము వచ్చినదనియో, పశువు చచ్చినదనియో కారణము చూపుదురు. రాక్షసబాధ వేదములోనే యున్నదని తమ పనికి సమర్థనము వెదకువారు, ఆ వేదములోనే, ఆ సూక్తములోనే, అబద్ధముగా యాతుధానుడని యన్నవానికి విధించిన శాపమును చదివియుండరు. సూక్తమున ఋషి యున్నచోటు నిందించువాని పక్షము కాదు, నిందింపబడినవాని పక్షము. సాయణుని కథలో నింద వేసినవాడే రాక్షసుడు.

బృహదారణ్యకము ప్రథమాధ్యాయమున, దేవతలు చిన్నవారు అసురులు పెద్దవారు అన్నచోట, శంకరభగవత్పాదులు దేవాసురులను వెలుపలి జాతులుగా చెప్పలేదు. ప్రజాపతి ప్రాణములే, వాగాదీంద్రియములే దేవతలును అసురులును. శాస్త్రజన్యమైన జ్ఞానకర్మలచేత సంస్కృతములైనచో అవి దేవతలు. పుట్టుకతో వచ్చిన ప్రవృత్తి ననుసరించినచో అసురులు. సహజప్రవృత్తి ఎక్కువ, శాస్త్రప్రవృత్తి యత్నసాధ్యము గావున తక్కువ. అందుచేతనే అసురులు పెద్దలైరి. పూర్వదేవశబ్దమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్య దొరకదు.

అదే యుపనిషత్తు పంచమాధ్యాయమున దేవతలు, మనుష్యులు, అసురులు మూడు తెగలవారును తండ్రియైన ప్రజాపతియొద్ద బ్రహ్మచర్యము చేసిరి. చదువు ముగిసినపిమ్మట ఒక్కొక్క తెగకు ఆయన 'ద' యను నొక యక్షరమునే చెప్పెను. దేవతలు దానిని ఇంద్రియనిగ్రహముగా గ్రహించిరి, మనుష్యులు దానముగా గ్రహించిరి, అసురులు దయగా గ్రహించిరి. ఉఱుములో వినబడునది ఈ మూడు దకారములే యని శ్రుతి. ఇచట భాష్యకారులు మఱియొక పక్షమును కూడ చెప్పిరి: మనుష్యులకంటె వేఱుగా దేవతలుగాని అసురులుగాని లేరు, మనుష్యులలోననే ఇతరసద్గుణములుండియు నిగ్రహము లేనివారు దేవతలు, లోభము ప్రధానముగా గలవారు మనుష్యులు, హింసాపరులై క్రూరులైనవారు అసురులు, కావున మూడు ఉపదేశములును మనుష్యులకే.

శ్రుతిలో అసురులు గురుకులమునుండి వెడలగొట్టబడలేదు. ఏమి గ్రహించితిరని తండ్రి యడిగెను. దయచూపుడని చెప్పితివి అని వారనిరి. ఔను, గ్రహించితిరి, అని ప్రజాపతి యొప్పుకొనెను. ఆ పిమ్మట వారేమి చేసిరో ఉపనిషత్తు చెప్పలేదు.